నాయన జనతా వాచీ: ఏది బాగు చేయించాలి, ఏది ముట్టొద్దు

నాయన పోయిన ఏడాదికి బీరువా సర్దుతుంటే పాసుబుక్కుల కింద, చేతిరుమాలులో చుట్టిపెట్టిన ఆయన హెచ్ఎంటీ జనతా దొరికింది. సాగర్ ఎడమ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా తిరిగినన్నాళ్ళూ ఆయన చేతికి ఉన్నది ఇదే. గ్లాసు నిండా గీతలు, డయల్ మీద నాలుగో అంకె పక్కన గోధుమ రంగు మరక, కేసు అంచుల్లో క్రోమ్ లేచిపోయి కింది ఇత్తడి పసుపుగా కనబడుతోంది. కీ ఇద్దామని తిప్పితే నాలుగు చుట్లకే బిగుసుకుంది, చెవి దగ్గర పెట్టుకుంటే నాలుగైదు టిక్కులు కొట్టి ఆగిపోయింది. మీ ఇంట్లో కూడా ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది, జనతా కావచ్చు, పైలట్ కావచ్చు, తాత ఎప్పుడో హైదరాబాద్‌లో కొన్న స్విస్ వాచీ కావచ్చు. దాన్ని మళ్ళీ నడిపించడం ఎట్లా, నడిపించే హడావిడిలో అది మనది కాకుండా పోకుండా చూసుకోవడం ఎట్లా, ఈ రెండూ రాస్తున్నా.

రెండోది ఎందుకు అంటున్నానంటే మాకు ఒకసారి దెబ్బ తగిలింది. మా చిన్నాయన వాచీని ఇట్లాగే ఒక షాపులో ఇచ్చాం, ఏమీ చెప్పకుండా, "జర మంచిగ చేసియ్యి" అని మాత్రం చెప్పి. వారానికి తీసుకుంటే తళతళా మెరిసిపోతోంది, టైమ్ కూడా బాగానే చూపిస్తోంది, కానీ తెల్ల డయల్ పోయి నారింజ రంగు డయల్ వచ్చింది, ముళ్ళు మారాయి, కేసుకి పాలిష్ కొట్టి, బెల్టు పట్టే కొమ్ముల అంచులన్నీ సబ్బుబిళ్ళలా గుండ్రంగా అరగదీశారు. పాత డయల్ ఏదన్నా అని అడిగితే "గలీజైంది గదా సార్, పడేసిన" అన్నాడు. ఆయన తప్పు కూడా పూర్తిగా లేదు, మంచిగ చెయ్యమంటే ఆయనకు అర్థమైన మంచి అదే. చిన్నాయన దాన్ని చేతికి పెట్టుకోలేదు మళ్ళీ.

అందుకే వాచీ దొరకగానే చేయాల్సిన మొదటి పని, ఏమీ చేయకుండా ఉండడం. ఏళ్ళ తరబడి ఆగి ఉన్న వాచీలో నూనె ఎండి జిగురులా, కొన్నిచోట్ల పొడిలా అయిపోయి ఉంటుంది. మనం సరదాకి కీ ఇచ్చి నడిపిస్తే ఆ పొడి ఇసుక కాగితం లెక్క ఇరుసుల్ని అరగదీస్తుంది. అది నడిచిందంటే బాగుంది అని కాదు అర్థం. బిగుసుకున్న కీని బలవంతంగా తిప్పొద్దు, ఊపొద్దు, వేడి మీద పెట్టొద్దు, ఎవరో వీడియోలో చెప్పారని కుట్టు మిషన్ నూనె చుక్క అసలు వేయొద్దు. కొబ్బరి నూనె వేసినవాళ్ళు కూడా ఉన్నారు, నవ్వకండి. అన్నట్టు, "కీ ఎక్కువ ఇస్తే చెడిపోయింది" అని మనవాళ్ళు అంటారే, అది మామూలుగా నిజం కాదు. స్ప్రింగ్ పూర్తిగా చుట్టుకున్నాక కీ ఆగిపోవడమే దాని తీరు. లోపల గ్రీజు ఎండిపోయి చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే మనకు అది ఎక్కువ కీ ఇచ్చినట్టు తోస్తుంది.

చేయాల్సింది ఫోటోలు తీయడం. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ముందు నుంచి, వెనక నుంచి, నాలుగు కొమ్ముల దగ్గర నుంచి, కీ వైపు నుంచి. వెనక మూత మీది నంబరు స్పష్టంగా రావాలి. మూత తీయించినప్పుడు లోపలి మిషన్‌ని, మూత లోపలి వైపుని కూడా తీసి పెట్టుకోండి. మూత లోపల ఎందుకంటే, పాతకాలం రిపేరు వాళ్ళకు ఒక అలవాటు ఉండేది, బాగు చేసిన వాచీ మూత లోపల సూదితో సన్నగా తేదీ, తమ గుర్తు గీసేవాళ్ళు. నాయన వాచీలో అలాంటివి మూడు ఉన్నాయి. ఒకటి 83, ఒకటి 91, మూడోది తేదీ లేకుండా ఉర్దూలో ఏదో పొట్టి సంతకం. 83లో మేం మిర్యాలగూడలో ఉన్నాం, కాబట్టి అది అక్కడ చేయించినదే అయ్యుండాలి. ఇలాంటి గీతల్ని పాలిష్ పేరుతో చెరిపించుకున్నాక ఎన్ని వేలు పెట్టినా తిరిగి రావు.

ఇప్పుడు అసలు సంగతి, ఏది మార్చొచ్చు ఏది మార్చొద్దు. నా లెక్క ఒకటే: కడుపులోది మార్చొచ్చు, ముఖం మార్చొద్దు. మెయిన్‌స్ప్రింగ్ (కీ ఇస్తే చుట్టుకునేది), గ్లాసు, బెల్టు, బెల్టు పిన్నులు, వెనక మూత రబ్బరు రింగు, ఇవి అరిగిపోవడానికే ఉన్న సామాన్లు, అప్పట్లోనే కంపెనీ వాళ్ళు కూడా మార్చేవాళ్ళు. డయల్, ముళ్ళు, కేసు, వెనక మూత, ఇవే ఆ వాచీ. కీ ఈ రెండింటి మధ్యన పడుతుంది, పళ్ళు పూర్తిగా అరిగి వేలికి పట్టు దొరక్కపోతేనే మార్చాలి, పాతది దాచుకోవాలి. మిషన్‌లో ఒక చక్రమో, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఇరుసో విరిగితే అదే రకం వేరే మిషన్‌లోంచి తీసి వేయడంలో నాకు అభ్యంతరం లేదు, కానీ మిషన్‌కి మిషనే మార్చేస్తానంటే ఒప్పుకోవద్దు. అది వాళ్ళకు పది నిమిషాల పని, అందుకే అంటారు.

జనతా విషయంలో మన అదృష్టం ఏంటంటే సామాను ఇంకా దొరుకుతుంది. హెచ్ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది, ఆ తర్వాత దశాబ్దాల తరబడి కోట్లలో అమ్మింది, 2016లో కేంద్రం వాచీల కంపెనీ మూసివేతకు ఒప్పుకునేసరికి దేశంలో ప్రతి ఊళ్ళో నాలుగు పాత హెచ్ఎంటీలు మూలన పడి ఉన్నాయి. 17 రాళ్ళ (ఇరుసులు అరగకుండా తిరిగేందుకు బిగించే కెంపు రాళ్ళు) మిషన్, గంటకు 18,000 కొట్టుళ్ళు, అంటే సెకనుకు ఐదు. డయల్ మీద 'పారా షాక్' అని ఉంటే, వాచీ కింద పడినా బ్యాలెన్స్ ఇరుసు విరగకుండా రాయిని చిన్న స్ప్రింగ్ మీద నిలబెట్టారని అర్థం. మొండి మిషన్, సరిగ్గా చూసుకుంటే మనకంటే ఎక్కువ రోజులు బతుకుతుంది.

అయితే ఈ దొరకడంలోనే ఒక మోసం కూడా ఉంది. ఆన్‌లైన్‌లో తక్కువ రేటుకు ఎరుపు, పచ్చ, నీలం డయల్‌లతో కొత్తవాటిలా మెరిసే జనతాలు కనబడతాయి, వాచీలు పోగుచేసేవాళ్ళు వీటిని ముంబై స్పెషల్ అంటారు. నాలుగు వాచీల ముక్కలు కలిపి, డయల్ మీద మళ్ళీ ప్రింటు కొట్టి అమ్ముతారు. అక్షరాల అంచులు మందంగా, అలుక్కుపోయినట్టు ఉండడం, నిమిషాల గీతలు ముల్లు చివరకు సరిగ్గా కలవకపోవడం, యాభై ఏళ్ళ మిషన్ మీద మచ్చ లేని డయల్ ఉండడం, ఇవి చూసి పట్టేయొచ్చు. మీ ఇంటి వాచీ డయల్ కూడా ఎప్పుడో ఇట్లా మార్చి ఉండొచ్చు, అప్పుడేం చేయాలంటారా? నేనైతే అట్లాగే ఉంచుతా. నాయన పదిహేనేళ్ళు ఆ డయల్‌నే చూసుకుని ఉంటే, నాకు అదే ఒరిజినల్.

రిపేరు చేసేవాళ్ళను వెతకడం ఇప్పుడు కష్టం. సెల్లు మార్చేవాళ్ళు వీధికి ఇద్దరున్నారు, కీ ఇచ్చే వాచీని విప్పి బిగించగలిగినవాళ్ళు తగ్గిపోయారు. నల్గొండలో గడియారం సెంటర్ చుట్టుపక్కలే నాలుగైదు చోట్ల అడిగాను, పాలమూరులో ఉన్న మా బావమరిదిని అక్కడి క్లాక్ టవర్ దగ్గర కూడా కనుక్కోమన్నాను. చివరికి దొరికింది డెబ్బై దాటిన ఒక చాచా, గాజు పెట్టె వెనక కూర్చుని, కంటికి గ్లాసు బిగించుకుని. ఆయన మంచివాడని నాకెట్లా తెలిసిందంటే, వాచీ చేతికివ్వగానే మూత తెరవలేదు. ముందు అటూ ఇటూ తిప్పి చూశాడు, కీ సగం చుట్టు తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు, "ఎన్నేండ్ల సంది బందున్నది బేటా?" అని అడిగాడు. మూత తీసేటప్పుడు చాకు తీయలేదు, మూత అంచున ఉన్న గాడికి సరిపోయే పనిముట్టు తీశాడు. కత్తి మొనతో మూత ఎగదీసేవాళ్ళను, "పది నిమిషాలల్ల ఇస్త కూసో" అనేవాళ్ళను చూస్తే దండం పెట్టి వచ్చేయండి. పది నిమిషాల్లో చేసేది ఏంటంటే, మిషన్‌ని విప్పకుండా మొత్తంగా పెట్రోల్‌లో ముంచి తీసి, ఊది, పైపైన నూనె చల్లడం. మురికి కరిగి రాళ్ళ చిల్లుల్లోకి దిగి అక్కడే కూర్చుంటుంది, నెల రోజులు బ్రహ్మాండంగా నడిచి మళ్ళీ ఆగుతుంది.

చాచాతో నేను మాట్లాడింది ఇంతే, మీరు కూడా ఇట్లాగే తెగేసి చెప్పండి: "ఓవరాయిలింగ్ ఒక్కటే చెయ్యి చాచా. డయల్, ముళ్ళు, కేసు, మూత ముట్టొద్దు. పాలిష్ వద్దు. ఏదన్న మార్చాలంటే ముందుగాల ఫోన్ చెయ్యి, మార్చిన పాత సామాను నాకు ఇయ్యి." ఆయన నా ముఖం చూసి, "మరక అట్లనే ఉండాల్నా?" అన్నాడు. ఉండాలి అన్నాను. ఆ మాటలే చీటీ మీద రాయించి, వాచీ నంబరు వేయించి, ఫోటో తీసుకున్నాను. అనుమానం అని కాదు, నెలకు నలభై వాచీలు చూసే మనిషికి గుర్తుండాలి కదా.

ఓవరాయిలింగ్ అంటే ఏం జరగాలో తెలిస్తే తర్వాత చూసి అడగొచ్చు. మిషన్ కేసులోంచి బయటికి తీసి, ముళ్ళు, డయల్ తీసేసి, స్ప్రింగ్‌లో మిగిలిన బలాన్ని మెల్లగా వదిలేసి, బ్యాలెన్స్ చక్రం, ప్యాలెట్ ఫోర్క్ (చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే చిన్న కొక్కెం), వంతెనలు (చక్రాలను పైనుంచి పట్టి ఉంచే పలకలు), చక్రాలు, బ్యారెల్ (మెయిన్‌స్ప్రింగ్ ఉండే డబ్బా) అన్నీ విడదీయాలి. ప్రతి ముక్కనీ కడిగి ఆరబెట్టాలి, రాళ్ళ చిల్లుల్ని చెక్కపుల్ల మొనతో తుడవాలి. మెయిన్‌స్ప్రింగ్‌ని బ్యారెల్ లోంచి తీసి చూడాలి, తీశాక అది బాగా విచ్చుకోకుండా ముడుచుకునే ఉంటే బలం పోయినట్టే, కొత్తది వేయించుకోండి. బిగించేటప్పుడు నూనె ఒక్క రకం కాదు, బలం ఎక్కువ, వేగం తక్కువ ఉన్నచోట చిక్కనిది, వేగంగా తిరిగే చోట పలుచనిది. రాయి చుట్టూ ఉండే గుంటలో సగం నిండితే చాలు, ఎక్కువైతే పాకిపోతుంది, అసలు పడాల్సిన చోట మిగలదు. ప్యాలెట్ ఫోర్క్ ఇరుసులకు మాత్రం నూనె వేయరు, దాని రెండు రాళ్ళ ముఖాలకు వేస్తారు. నేను ఈ సంగతి అడిగితే చాచా మొదటిసారి నవ్వాడు.

నేనే చేసుకుంటా అంటే చేసుకోవచ్చు, కానీ మొదటి వాచీ నాయనది కాకూడదు. పైన చెప్పిన మెరిసే ముంబై స్పెషల్ ఒకటి కొనుక్కోండి, దాని నిజమైన ఉపయోగం ఇదే. దాన్ని పది సార్లు విప్పి పది సార్లు బిగించి, పదోసారి నడిస్తే అప్పుడు ఆలోచించండి. గాడి వెడల్పుకు సరిపోయే స్క్రూడ్రైవర్లు, మంచి చిమటా రెండు, కంటి గ్లాసు, ఊదే రబ్బరు బుడ్డి, గుంతపొంగనాల పెనం లాంటి గుంటలున్న ట్రే, వీటితో మొదలు. గుంటకొక దశ సామాను పెట్టుకుంటూ, ప్రతి స్క్రూకీ ఫోటో తీసుకుంటూ పోవాలి. ఫ్యాన్ ఆపాలి, అదే మన దగ్గర పెద్ద చిక్కు. మే నెలలో నల్గొండలో ఫ్యాన్ ఆపి కూర్చుంటే చెమట చుక్క మిషన్ మీద పడుతుంది, చెమటలోని ఉప్పు ఉక్కుకి తుప్పు పట్టిస్తుంది. నేను సంక్రాంతి సెలవుల్లో, పొద్దున పూట పెట్టుకున్నాను. తెల్ల లుంగీ ఒక కొస టేబుల్ అంచుకి క్లిప్పులతో పట్టించి, రెండో కొస నడుముకి దోపుకుంటే ఎగిరిపడ్డ సామాను ఒళ్ళోనే పడుతుంది. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. షాక్ స్ప్రింగ్, చీమ తలకాయ కంటే కొంచెం పెద్దది, టింగ్‌మని ఎగిరింది. రెండు గంటలు సెల్‌ఫోన్ టార్చ్ నేల మీద అడ్డంగా పెట్టి వెతికాను. దొరకలేదు. ఇంకో పాత మిషన్ కొనాల్సి వచ్చింది.

ఒక్కటి మరిచిపోవద్దు. స్ప్రింగ్‌లో బలం ఉండగా ప్యాలెట్ ఫోర్క్ తీశారంటే చక్రాలన్నీ ఒక్కసారిగా గిర్రున తిరిగి పళ్ళో, ఇరుసులో విరుగుతాయి. కీ పట్టుకుని, క్లిక్ అనే చిన్న కొక్కేన్ని పక్కకు నెట్టి, కీని వేళ్ళ మధ్య మెల్లగా వెనక్కి తిరగనివ్వాలి. అట్లాగే బిగించేటప్పుడు చక్రాల మీది వంతెన స్క్రూలు, అన్ని ఇరుసులూ తమ రాళ్ళలో కూర్చున్నాయని చూసుకోకుండా బిగిస్తే ఇరుసు పుటుక్కున పోతుంది. వంతెనను వేలితో ఒత్తిపట్టుకోకుండా ఆనించి ఉంచి, చక్రాన్ని కొంచెం కదిపితే అన్నీ కలిసి స్వేచ్ఛగా తిరగాలి, అప్పుడే స్క్రూ.

ముఖం సంగతికి వద్దాం. గ్లాసు అక్రిలిక్‌ది అయితే గీతలు భయపడాల్సినవి కావు, టూత్‌పేస్ట్ మెత్తని బట్టకు రాసి పావుగంట రుద్దితే సగం పోతాయి. గ్లాసు చీలితేనే మార్చండి, చీలికలోంచి తేమ పోయి డయల్‌ని తినేస్తుంది. కేసు కడగడం మిషన్ బయటికి తీశాకే. కొమ్ముల సందుల్లో పేరుకున్న నల్లటి మురికి, ఇత్తడి మీది ఆకుపచ్చ చిలుము పంటిపుల్లతో, సబ్బు నీళ్ళతో పోతాయి. చివరి కడుగు మాత్రం బోరు నీళ్ళతో వద్దు, మన జిల్లా బోర్ల సంగతి తెలుసుగా, ఆరేసరికి తెల్ల పొర పేరుకుంటుంది. మెడికల్ షాపులో, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడండి. క్రోమ్ లేచిపోయినచోట పాలిష్ పెట్టొద్దు, మిగిలిన క్రోమ్ కూడా పోతుంది.

డయల్‌ని తడి దూదితో తుడవాలన్న బుద్ధి పుడుతుంది చూడండి, దాన్ని అక్కడే చంపేయండి. నేను ప్రాక్టీసు వాచీ మీద చేసి చూశాను. ఒక్క తుడుపుకి 'మేడ్ ఇన్ ఇండియా' అన్న అక్షరాల్లో సగం దూదికి అంటుకుని వచ్చాయి. అవి లక్క పూత మీద కొట్టిన సన్నటి ప్రింటు, నీళ్ళు, పెట్రోల్, ఉమ్మి ఏదీ తట్టుకోవు. రబ్బరు బుడ్డితో ఊదడం, పొడి మెత్తటి కుంచెతో దుమ్ము దులపడం, అంతే. పాత స్విస్ వాచీ అయి, అంకెల మీద గోధుమ రంగు పూత ఉండి, అది 1960ల నాటిదో అంతకు ముందుదో అయితే ఆ పూత రేడియం కావచ్చు. అప్పుడు మీరు మూత కూడా తెరవొద్దు. చీకట్లో వెలగట్లేదని అందులో ప్రమాదం పోయినట్టు కాదు, రాలిన పొడి ఊపిరితో లోపలికి పోతే మంచిది కాదు, తెలిసినవాళ్ళకు చెప్పి ఇవ్వాలి.

పదకొండు రోజులకు చాచా ఫోన్ చేశాడు. మెయిన్‌స్ప్రింగ్ మార్చాడు, కీ రాడ్డు తుప్పు పట్టిందని అదీ మార్చాడు, పాతవి రెండూ కాగితంలో చుట్టి ఇచ్చాడు. 900 తీసుకున్నాడు. మొదటి రోజు ఒకటిన్నర నిమిషం ముందుకు పోయింది, వారం వాడాక మళ్ళీ తీసుకెళ్తే సర్దాడు. ఇప్పుడు రోజుకు అర నిమిషం ముందుకు పోతుంది, ఈ వయసు వాచీకి అది మంచి నడకే, ఇంకా సర్దమని నేను వేధించలేదు. ఒకవేళ మీది ఉన్నట్టుండి రోజుకు ఐదు పది నిమిషాలు ముందుకు పరుగెత్తితే రిపేరు అనుకుని భయపడకండి, ఎక్కువగా అది అయస్కాంతం పని. స్పీకరు మీదో, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ మీదో పెట్టి ఉంటారు, బ్యాలెన్స్ చక్రానికి ఉండే వెంట్రుకంత సన్నటి హెయిర్‌స్ప్రింగ్ చుట్లు అతుక్కుంటాయి. రిపేరు చేసేవాళ్ళ దగ్గర దాన్ని తీసేసే చిన్న పెట్టె ఉంటుంది, ఒక్క నిమిషం పని.

రోజూ పొద్దున ఒకే వేళకు, చేతి నుంచి తీసి, కీ ఆగేదాకా ఇవ్వండి. చేతికి ఉండగానే కీ తిప్పితే రాడ్డు మీద పక్కబలం పడుతుంది. ఎండాకాలం పెట్టుకుంటే రాత్రి తీశాక వెనక మూత పొడి బట్టతో తుడవాలి, నీళ్ళ పనికి, బండి మీద వానలో, అసలే వద్దు. వాడని వాళ్ళు నెలకోసారి కీ ఇచ్చి ఒక రోజు నడవనిచ్చి, డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టుకోండి. నాలుగైదేళ్ళకోసారి ఓవరాయిలింగ్, నడుస్తున్నా సరే.

పాత స్ప్రింగ్, పాత రాడ్డు, తెగిపోయిన పాత బెల్టు ఒక మందుల సీసాలో వేసి, ఏ తేదీన ఏది మార్చారో చీటీ రాసి దాంట్లోనే పెట్టాను. మూత లోపల చాచా కూడా ఒక గీత గీశాడు, అడిగి మరీ గీయించుకున్నాను, ఆ ఉర్దూ సంతకం కింద కొంచెం ఖాళీ ఉంటే అక్కడ. ఆ సంతకం ఎవరిది అని అడిగితే కంటి గ్లాసు పెట్టుకుని చాలాసేపు చూసి, "మన దుకాణం కాదు" అని మూత బిగించాడు.